దావాకు పెట్టుబడి ఎవరిది?

శ్రీకాకుళం, విజయనగరం: భూమి కోల్పోయిన రైతు పరిహారం పెంపు కోసం న్యాయస్థానానికి వెళ్లాలంటే ముందు చేతిలో సొమ్ము ఉండాలి. న్యాయవాది ఫీజు, నకళ్లు, వాయిదాలకు రాకపోకలు ఏళ్ల తరబడి సాగే ఖర్చులు. అటువంటి సమయంలో ‘ఖర్చంతా నాది, గెలిస్తే వాటా ఇవ్వు, ఓడితే ఏమీ ఇవ్వనక్కర్లేదు’ అని ఎవరైనా ముందుకు వస్తే కాదనడం కష్టం. వంశధార, తోటపల్లి ప్రాజెక్టులకు, భోగాపురం విమానాశ్రయానికి భూములిచ్చిన గ్రామాలున్న ఈ ఉమ్మడి జిల్లాలలో ఇటువంటి ఒప్పందం చెల్లుతుందా అన్నది తెలుసుకోదగిన విషయం.

చెల్లుతుంది, కానీ హద్దులున్నాయి. ఇంగ్లండులో 1967 వరకు ఇది నేరం. ఆ నిషేధం భారతదేశానికి వర్తించదని ప్రీవీ కౌన్సిల్ 1876లోనే తేల్చింది. సముచితమైన ఒప్పందం తప్పు కాదని, కక్షిదారుని అవసరాన్ని ఆసరా చేసుకొని దోచుకునేదాన్ని మాత్రం అమలు చేయరాదని పేర్కొంది. న్యాయవాదులు కాని వారు దావాకు పెట్టుబడి పెట్టడంపై నిషేధమేదీ లేదని 2018లో ఎ.కె.బాలాజీ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. న్యాయవాది మాత్రం గెలిచిన సొమ్ములో వాటా కోరరాదు. బార్ కౌన్సిల్ నిబంధనలు అందుకు ఒప్పుకోవు.

హద్దు దాటితే ఏమవుతుందో హైదరాబాదు సాలార్‌జంగ్ ఎస్టేటు వివాదం చెబుతుంది. 1949లో మూడవ సాలార్‌జంగ్ సంతానం లేకుండా మరణించగా వారసత్వానికి పలువురు పోటీపడ్డారు. వారిలో ఒకరికి రతన్‌చంద్ హీరాచంద్ అనే వ్యక్తి సొమ్ము సమకూర్చి, ఆస్తిలో వాటాకు ఒప్పందం చేసుకున్నారు. అధికార వర్గాలలో పలుకుబడి ఉపయోగించడం అందులో భాగమైనందున ఒప్పందం చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

అసలు చిక్కు గోప్యతలో ఉంది. తెర వెనుక పెట్టుబడిదారు ఉన్న సంగతి ఎదుటి పక్షానికే కాదు, న్యాయమూర్తికి కూడా తెలియకపోవచ్చు. రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్నది రైతు నిర్ణయమా, పెట్టుబడిదారు నిర్ణయమా? మహారాష్ట్ర వంటి కొన్ని రాష్ట్రాలు సివిల్ ప్రక్రియ స్మృతి 25వ ఆర్డరును సవరించుకున్నాయి. దావా ఖర్చు కోసం వాది వాటా రాసిచ్చినట్లయితే, ఆ వ్యక్తిని సమ్మతితో వాదిగా చేర్చేందుకు, ఖర్చులకు హామీ కోరేందుకు అక్కడి కోర్టులకు అధికారం ఉంది. దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం మాత్రం లేదు.

‘ఓడితే ఏమీ ఇవ్వనక్కర్లేదు’ అన్న మాటనూ పరీక్షించాలి. ఓడిన పక్షం ఎదుటివారి ఖర్చులు చెల్లించాలని కోర్టు ఆదేశించవచ్చు. ఒక మధ్యవర్తిత్వ వివాదంలో, కక్షిదారు కాని పెట్టుబడిదారుపై ఆ భారం మోపలేమని 2023లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. పారదర్శకత, వివరాల వెల్లడి అవసరమనీ అదే తీర్పులో చెప్పింది. కాబట్టి ఆ ఖర్చులు ఎవరు భరిస్తారో ఒప్పంద పత్రంలోనే రాయించుకోవడం, సంతకానికి ముందు దావాతో సంబంధం లేని న్యాయవాదికి చూపించడం మేలు.

వాటా ఇవ్వకుండానే దావా నడిపే మార్గమూ ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ఇతరులలో చాలామందికి ఆదాయ పరిమితి వర్తిస్తుంది. దరఖాస్తును జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ, మండల న్యాయసేవా కమిటీకి గానీ ఇవ్వవచ్చు.