4.3 పిండిపదార్థాలు, నూనె వంటకాలు – ఆరోగ్యం

వనపర్తి జిల్లా గోపాల్‌పేట వంటి పాలమూరు ఊళ్లలో జొన్న రొట్టె తరతరాల ఆహారం. సంక్రాంతికి తెలంగాణలో బియ్యప్పిండితో సకినాలు చేస్తారు. జపాన్ వారు కూరగాయలను, రొయ్యలను గోధుమపిండి జారులో ముంచి వేయించి ‘టెంపురా’ చేస్తారు. అది మన బజ్జీ లాంటిదే. వీటన్నింటిలోనూ పిండిపదార్థాలు ఉన్నాయి. ఇవన్నీ ఆరోగ్యానికి చేటేనా? వంటకం పేరును బట్టి కాక, కింది మూడు అంశాలను బట్టి నిర్ణయించాలి.

అ) ధాన్యం: 100 గ్రాముల జొన్నల్లో సుమారు 10 గ్రాముల పీచు ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. పీచు ఉంటే పిండిపదార్థాలు నెమ్మదిగా జీర్ణమవుతాయి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు.

ఆ) నూనె: ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలో కేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. వేగేటప్పుడు పిండిలోని నీరు ఆవిరై, ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. అందువల్ల నాలుగు సకినాలతోనే ఎక్కువ శక్తి అందుతుంది. వాడిన నూనెను పదేపదే కాచితే హానికర పదార్థాలు ఏర్పడతాయి.

ఇ) తోడు పదార్థాలు: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదు. అన్నం, చారుతోనే సరిపెడితే అది మించుతుంది. అన్నం కొంత తగ్గించి పప్పు, కూరగాయలు, గుడ్డు చేర్చుకోవాలి.

కాబట్టి సకినాలు మానుకోనక్కరలేదు. పండుగ వంటను రోజువారీ చిరుతిండిగా మార్చుకోకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నిన్న మీ ఇంట్లో తిన్న వంటకాలను రాసి, పై మూడు అంశాల ఆధారంగా పరిశీలించండి.