నొప్పి తగ్గితే... నయమైనట్టేనా?

పత్తి చేలో పనిచేస్తుండగా పక్కలో పోటు. గట్టిగా ఊపిరి పీల్చినా, దగ్గినా సూదితో పొడిచినట్టు బాధ. 'పట్టేసిందేమో' అనుకుని బామ్ రాసుకుంటారు. నాలుగు రోజులకు నొప్పి తగ్గుతుంది. కానీ ఆయాసం మొదలవుతుంది. ఆస్పత్రికి వెళ్తే 'ఊపిరితిత్తుల్లో నీరు చేరింది' అంటారు. నిజానికి ఇలాంటప్పుడు నీరు చేరేది ఊపిరితిత్తి లోపల కాదు... దాని చుట్టూ ఉన్న రెండు పొరల మధ్య!

పిడికిలీ... బుడగా!
సగం గాలి నింపిన బుడగలోకి పిడికిలి నొక్కి చూడండి. పిడికిలిని అంటుకుని ఒక పొర, దాని పైన మరో పొర. ఊపిరితిత్తి ఆ పిడికిలి లాంటిది. మేక ఊపిరితిత్తి మీద మెరిసే పల్చటి పొరను మటన్ దుకాణంలో చూసే ఉంటారు. మనకూ ఉండే లోపొర అదే. బయటి పొర పక్కటెముకలకు లోపలివైపు అతుక్కుని ఉంటుంది. ఈ రెంటినీ కలిపి ప్లూరా అంటారు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు వీటి మధ్య ఉండే ద్రవం రెండు వైపులా కలిపి సుమారు 10 నుంచి 20 మిల్లీలీటర్లే. తడి గాజుపలకలు రెండు ఒకదానిమీద ఒకటి జారతాయి కానీ ఊడిరావు కదా... ఇదీ అంతే. ఛాతీ విచ్చుకుంటే ఊపిరితిత్తీ దానివెంటే విచ్చుకుంటుంది.

నొప్పి తెలిసేది ఒకదానికే
లోపొరకు నొప్పి తెలియదు, తెలిసేదల్లా బయటి పొరకే. వాచిన పొరలు రాసుకుంటే పోటు వస్తుంది. మధ్యలో నీరు పెరిగితే పొరలు ఎడమవుతాయి, రాపిడి ఆగి నొప్పి తగ్గుతుంది. అసలు ప్రమాదం ఇక్కడే! నయమైందనుకుంటాం, లోపల ఊపిరితిత్తి నలుగుతూ ఉంటుంది.

మన దేశంలో ఇలా నీరు చేరడానికి ముఖ్యకారణాల్లో క్షయ ఒకటి. కళ్లె పరీక్షలో ఏమీ లేదన్నా పొరల్లో క్షయ ఉండొచ్చు. నిమోనియా, క్యాన్సర్, గుండె, కాలేయ జబ్బులూ కారణమవుతాయి. అందుకే నీరు తీసి పరీక్షిస్తారు. 'సూది ఊపిరితిత్తికి గుచ్చుకుంటుందేమో' అని భయపడేవారు ఎందరో. స్కానింగ్‌లో నీరున్న చోటు చూసుకుని, మత్తు సూది వేసి, పక్కటెముక పై అంచు మీదుగా తీస్తారు. రక్తనాళాలూ నరాలూ ఎముక కింది అంచున ఉంటాయి మరి! క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందులు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. నెమ్మదించిందని మధ్యలో మానకూడదు.

మృతదేహం చెప్పే పాఠం
ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో డాక్టరు చదువంటే కాకతీయ మెడికల్ కాలేజీయే గుర్తొచ్చేది. 2022లో మహబూబాబాద్‌కు, 2023లో జనగామ, భూపాలపల్లిలకూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అనాటమీ పాఠంలో విద్యార్థులకు ఒక్కోసారి రెండు పొరలూ అతుక్కుపోయిన మృతదేహం ఎదురవుతుంది. ఆ మనిషికి ఎప్పుడో పొరలు వాచి మానాయనడానికి అది గుర్తు.

అందుకే... ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తుంటే బామ్‌తో సరిపెట్టకండి. నొప్పి పోయి ఆయాసం వస్తే అసలే ఆలస్యం చేయకండి!