కరెంటు కారులో నిప్పు

నాంపల్లిలో మేము ఉష్ణగతికశాస్త్రం చెప్పే తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మా బావ మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ డులూత్ ఊళ్లో ఎలక్ట్రిక్ బస్సులకు డీజిల్ హీటర్లు పెట్టారట. డీజిల్ వద్దనే కదా కరెంటు బస్సు కొన్నది? మళ్లీ డీజిల్ ఎందుకు?"

ఆమె విన్నది నిజమే. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో 2018లో ఎలక్ట్రిక్ సిటీ బస్సులు రోడ్డెక్కాయి. లోపలి వేడి కోసం బ్యాటరీ మీద పడుతున్న భారాన్ని తగ్గించడానికి వాటికి డీజిల్‌తో మండే హీటర్లు అమర్చారు. వినగానే ఇది రాజీలా తోస్తుంది. భౌతికశాస్త్రం వైపు నుంచి చూస్తే మాత్రం అంత తెలివైన అమరిక వాహనాల్లో అరుదు. ఆ యంత్రం మీద నాకు చాలాకాలంగా మోజు. అది ఎలా పనిచేస్తుందో, ఎందుకు న్యాయమో చెప్పడానికి ఆ ప్రశ్న మంచి సందు ఇచ్చింది.

మన హైదరాబాద్‌లో ఈ హీటర్ అవసరం ఎవరికీ తట్టదు. బేగంపేటలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు రాత్రిపూట వెళ్లినా ఒక స్వెటర్ చాలు. మన కార్లలో ఎర్ర గీత ఉన్న మీటను ఏళ్ల తరబడి ఎవరూ తిప్పరు. ఆ మీట తిప్పితే వచ్చే వేడి పెట్రోల్ కారులో ఉచితం. పెట్రోల్‌లోని శక్తిలో చక్రాలదాకా చేరేది నాలుగో వంతో, మహా అయితే మూడో వంతో. మిగతాదంతా రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా గాలిలో కలిసిపోతుంది. హీటర్ ఆ పారబోసే వేడిలోంచి కాస్త లోపలికి మళ్లిస్తుంది, అంతే.

ఎలక్ట్రిక్ మోటారులో వృథా పదో వంతు కూడా ఉండదు. అది దాని గొప్పతనం. కానీ వృథా లేని చోట ఉచిత వేడీ ఉండదు. ప్రతి డిగ్రీనీ బ్యాటరీ నుంచి కొనుక్కోవాలి.

ఎంతకు కొనాలో లెక్క వేద్దాం. ఓ మామూలు ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు 15 యూనిట్ల కరెంటు తింటుందనుకోండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రాలకు అయ్యేది 4.5 కిలోవాట్లు. బయట మైనస్ 20 ఉన్నప్పుడు లోపల మనుషులు కోటు విప్పి కూర్చునేంత వేడి కావాలంటే హీటర్‌కు కూడా ఇంచుమించు అంతే కావాలి. అంటే బ్యాటరీలో సగం ప్రయాణానికి, సగం వెచ్చదనానికి. బండి నెమ్మదించేకొద్దీ పరిస్థితి ఇంకా అన్యాయం. సాయంత్రం ఆరింటికి అబిడ్స్ జీపీవో దగ్గర బండ్లు కదిలే వేగం డులూత్ చలిలో ఎదురైతే, చక్రాలు తినేదానికి రెండింతలు హీటరే తినేస్తుంది. చక్రం ఆగినా చలి ఆగదు కదా!

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఒక లీటర్ డీజిల్‌లో ఉన్న వేడి సుమారు 10 యూనిట్లు. వోల్వో సంస్థ 2011లో తెచ్చిన సీ30 ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ సామర్థ్యం 24 యూనిట్లు. ఆ కారులోనే 14.5 లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి పెట్టి, హీటర్ కోసం బయో ఇథనాల్ పోశారు. ఇథనాల్‌లో డీజిల్ అంత సత్తువ ఉండదు. అయినా ఆ చిన్న ట్యాంకులో ఉన్న వేడి, వందల కిలోల బ్యాటరీ మొత్తం నింపుకున్న శక్తికి మూడు రెట్లు మించుతుంది. కాబిన్‌ను వేడి చెయ్యడంతోపాటు చలికి మొద్దుబారే బ్యాటరీని కూడా ఆ వేడితోనే సిద్ధం చెయ్యొచ్చు. కారు నడవడానికి మాత్రం ఒక్క చుక్క ఇంధనం వాడదు.

ఇలాంటి డీజిల్ హీటర్ ఒకదాన్ని మేము ప్రయోగశాల బల్ల మీద విప్పి చూశాం. లడఖ్ ప్రయాణాలకు వ్యాన్‌ను ఇల్లులా మార్చుకున్న పాత విద్యార్థి ఒకరు తెచ్చిచ్చారు. బరువు మూడు కిలోలలోపే. చంకలో పెట్టుకుని తీసుకుపోవచ్చు. అందులోంచి రెండు కిలోవాట్ల వేడి వస్తుంది, అంటే ఇంట్లో గీజరంత.

దాని ముందు భాగంలో ఒక చిన్న దహన గది. గది గోడకు సన్నని లోహపు జాలీ, ఆ జాలీని ఆనుకుని ఒక గ్లో ప్లగ్. మన డీజిల్ మెకానిక్‌లు హీటర్ ప్లగ్ అనే వస్తువే. డీజిల్ ద్రవంగా ఉన్నంతసేపూ మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. అందుకే ముందు ప్లగ్ ఎర్రగా కాగి జాలీని వేడెక్కిస్తుంది. ఆ తర్వాత డీజిల్ జాలీలోకి ఇంకి ఆవిరవుతుంది, ఫ్యాన్ తోసే గాలితో కలుస్తుంది, అంటుకుంటుంది. పంపు స్టవ్వు వెలిగించిన వాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కింద కప్పులో కాస్త స్పిరిట్ పోసి వెలిగించి, బర్నర్ కాగాకే పంపు కొట్టేవాళ్లు. ఒకసారి మంట నిలబడ్డాక ఆ మంటే తర్వాత వచ్చే నూనెను ఆవిరి చేస్తుంది. ఇక్కడా అంతే: మంట నిలిచిందని సెన్సర్ చెప్పగానే ప్లగ్‌కు కరెంటు ఆగిపోతుంది. అక్కడి నుంచి మంట తన ఇంధనాన్ని తానే సిద్ధం చేసుకుంటుంది.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది మాత్రం దాని పంపు. వేలంత గొట్టంలో ఒక తీగచుట్ట, ఒక పిస్టన్, ఒక స్ప్రింగ్. తీగచుట్టకు కరెంటు తగిలితే పిస్టన్ ముందుకు దూకుతుంది, ఆగితే స్ప్రింగ్ వెనక్కి నెడుతుంది. ప్రతి దూకుకూ 'టిక్' అని చప్పుడు, ప్రతి టిక్కుకూ దాదాపు 0.022 మిల్లీలీటర్ల డీజిల్. మందు సీసా డ్రాపర్ నుంచి పడే చుక్కలో సగం కూడా ఉండదు. వేడి పెంచాలంటే టిక్కు పెద్దది కాదు, టిక్కులు దగ్గరవుతాయి. కాబట్టి వేడిని లెక్కపెట్టవచ్చు! ఒక టిక్కు డీజిల్‌లో సుమారు 800 జౌళ్లు ఉంటాయి. సెకనుకు మూడు టిక్కులు పడితే 2400 వాట్లు. పొగతో బయటికి పోయేది తీసేస్తే లోపలికి వచ్చేది దాదాపు 2000. కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ గదిలోకి ఎంత వేడి వస్తోందో చెప్పగలం. ఇంత సూటిగా తన లెక్క తానే వినిపించే యంత్రాన్ని పిల్లలకు చూపించగలగడం ఉపాధ్యాయుడికి పండగే.

రెండో అందం గాలిది. ఈ హీటర్‌లో ఒకే మోటారు, దాని ఇరుసుకు రెండు కొసలా రెండు ఫ్యాన్లు. ఒకటి బయటి గాలిని మంట దగ్గరకు తోస్తుంది. రెండోది కారులోని గాలిని పీల్చి, రెక్కలున్న అల్యూమినియం గొట్టం పైనుంచి ఊదుతుంది. గొట్టం లోపల మంట, గొట్టం బయట మనం పీల్చే గాలి. ఈ రెండు గాలులూ వేలెడు దూరంలో పరుగెడుతూ కూడా ఎక్కడా కలవవు. మంట పెరిగితే మోటారు వేగం పెరుగుతుంది. అప్పుడు మంటకు గాలి ఎక్కువ అందుతుంది, ఆ వేడిని లాక్కెళ్లే గాలీ ఎక్కువవుతుంది. రెండు అవసరాలను ఒక ఇరుసు కలిపి తూకంగా ఉంచుతుంది. ఇంత చేస్తూ అది తీసుకునే కరెంటు పూర్తి మంట మీద కూడా 30 వాట్ల చుట్టూనే. రెండు మూడు ఎల్‌ఈడీ బల్బులకయ్యే కరెంటుతో రెండు వేల వాట్ల వేడి! కరెంటు ఇక్కడ గాలి ఊదడానికి, టిక్కు కొట్టడానికి, కాపలా కాయడానికి మాత్రమే. వేడి చేసే బరువు పని నిప్పుది.

ఆపేటప్పుడూ దానికో క్రమశిక్షణ ఉంది. పంపు ముందు ఆగుతుంది. మిగిలిన నూనె పూర్తిగా కాలేదాకా, గొట్టం చల్లబడేదాకా ఫ్యాన్లు కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటాయి. మధ్యలో బ్యాటరీ వైరు పీకేస్తే జాలీకి మసి పడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది.

కారుకు అమర్చేటప్పుడు ప్రాణంతో సమానమైన సంగతి ఒకటే: పొగ. దహనానికి గాలి కారు బయటి నుంచే తీసుకోవాలి. పొగ గొట్టం కింద నుంచి బయటికి, కిటికీలకూ గాలి ద్వారానికీ దూరంగా పోవాలి. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్‌కు ఒక్క వదులైన క్లిప్పు చాలు. పంపును అడ్డంగా పడుకోబెట్టకుండా, ముందు కొస పైకి ఉండేలా వాలుగా బిగించాలి. అప్పుడే గాలి బుడగలు చిక్కుకోకుండా వెళ్లిపోతాయి, టిక్కు లెక్క తప్పదు. ఇలాంటి హీటర్లకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ప్రత్యేకంగా 122వ నిబంధన ఉంది. మన దేశంలోనైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిలో సొంత మార్పులను కట్టడి చేస్తుంది. కాబట్టి కుర్రవాళ్లు ఇది బల్ల మీద చేసి చూడండి, ఇంటి కారు మీద వద్దు.

ఈ యంత్రం కథలో నాకు ఇష్టమైన పోటీ ఒకటుంది. జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఎస్లింగెన్ అనే పట్టణం ఉంది. 1865లో అక్కడ యాకోబ్ ఎబర్‌స్పెషర్ రేకు పని దుకాణం పెట్టాడు. 1901లో అదే ఊళ్లో విల్‌హెల్మ్ బయర్ తీగ, ఇనుప సామాన్ల కార్ఖానా తెరిచాడు. కొన్నేళ్లకు ఆ కార్ఖానా మ్యూనిక్ దగ్గరి ష్టాక్‌డార్ఫ్‌కు తరలి వెబాస్టో అయింది. ఒకరు గాజు పైకప్పుల మీద, మరొకరు కార్ల మడత పైకప్పుల మీద పేరు తెచ్చుకున్నారు. వెబాస్టో 1935లోనే కారు హీటర్ల వైపు తిరిగింది, ఎబర్‌స్పెషర్ 1950ల్లో దిగింది. అప్పటి నుంచి లారీ డ్రైవర్ల రాత్రులను వెచ్చగా ఉంచే పని మీద ఈ రెండు సంస్థలూ పోటీ పడుతూనే ఉన్నాయి. ఒకే ఊరి పనితనం ఇద్దరిదీ. ఆ పోటీయే హీటర్‌ను చంకలో పట్టేంత చిన్నది చేసింది.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ మరమ్మతు పుస్తకంలో పెట్రోల్ హీటర్ గురించి ఒక అధ్యాయమే ఉంది. బీటిల్ ఇంజన్ గాలితో చల్లబడేది, వేడి నీళ్ల రేడియేటర్ లేదు, అందుకని చలి దేశాల్లో విడిగా మంట కావలసి వచ్చింది. అమెరికాలో షెవ్రొలే కోర్వేర్, సోవియట్ దేశంలో జపరోజెట్స్ కూడా ఇదే దారి పట్టాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1934 నుంచి అమెరికాలో తిరిగిన జీజీ1 విద్యుత్ రైలింజన్ కనిపిస్తుంది. తీగ నుంచి కరెంటు తీసుకుని పరుగెత్తే ఆ ఇంజన్ కడుపులో, పెట్టెల్ని వేడి చెయ్యడానికి నూనెతో మండే ఆవిరి బాయిలర్ ఉండేది! కరెంటుతో కదలిక, నిప్పుతో వెచ్చదనం అనే జోడీ అంత పాతది.

మరి కాలుష్యం? దానికీ లెక్క ఉంది. లీటర్ డీజిల్ మండితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అందులోంచి మనకు చిక్కే వేడి సుమారు 8 యూనిట్లు. అంటే యూనిట్ వేడికి మూడో వంతు కిలో. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి వెలువడేది సుమారు 0.7 కిలోలు, ఎందుకంటే బొగ్గు వేడిలో మూడో వంతే కరెంటుగా మారుతుంది. ఆ కరెంటును మళ్లీ తీగచుట్టలో పోసి వేడి చేస్తే, నేరుగా డీజిల్ కాల్చినదానికంటే రెండింతలు పొగ పెట్టినట్టు. నార్వేలో కరెంటు దాదాపు అంతా నీటి నుంచే వస్తుంది కాబట్టి అక్కడ తీర్పు తిరగబడుతుంది. ఏ ఊళ్లో, ఏ కరెంటుతో అన్నది తేలకుండా ఏది శుభ్రమో చెప్పలేం.

తర్వాతి చరిత్ర త్వరగా నడిచింది. హీట్ పంప్ వచ్చింది. ఒక యూనిట్ కరెంటుతో బయటి గాలిలోని రెండు మూడు యూనిట్ల వేడిని లోపలికి తోడింది. నిస్సాన్ లీఫ్ 2013 నాటికే దాన్ని తెచ్చుకుంది, ఇప్పుడు ఎన్నో కార్లలో ఉంది. చలి ముదిరేకొద్దీ దాని బలం తగ్గుతుంది. అందుకే గంటల తరబడి తలుపులు తెరుచుకుని మూసుకునే చలి దేశాల బస్సుల్లో ఇంధన హీటర్ ఇంకా నిలిచి ఉంది.

హైదరాబాద్‌కూ ఈ చలితో పరిచయం ఉంది. 2017లో మనాలి నుంచి 13,000 అడుగుల ఎత్తున్న రోహ్‌తాంగ్ కనుమకు హిమాచల్ ఆర్టీసీ నడిపిన ఎలక్ట్రిక్ బస్సులను అందించింది మన ఊరి గోల్డ్‌స్టోన్ ఇన్‌ఫ్రాటెక్, ఇప్పటి ఒలెక్ట్రా. ఆ సంస్థ బస్సులే 2019 నుంచి మన విమానాశ్రయానికీ తిరుగుతున్నాయి. ఇక్కడ మే నెలలో వాటి బరువు పని చల్లబరచడం. 40 డిగ్రీల నుంచి 25కు దించాలంటే తేడా 15 డిగ్రీలే. మైనస్ 20 నుంచి 20కి ఎక్కించే డులూత్‌లో తేడా 40. పైగా ఏసీ తానే ఒక హీట్ పంప్. కరెంటు బండికి హైదరాబాద్ వాతావరణం ఒక వరం.

ఆ హీటర్ నేర్పేది మాత్రం మన ఇళ్లలోనూ పనికొస్తుంది. శక్తిలో తరగతులున్నాయి. కరెంటు పై తరగతి శక్తి: చక్రం తిప్పగలదు, కంప్యూటర్ నడపగలదు. గోరువెచ్చని వేడి అట్టడుగు తరగతి. స్నానానికి 40 డిగ్రీల నీళ్లు చాలు. ఆ 40 డిగ్రీల కోసం ఎక్కడో బొగ్గు మండించి, 500 డిగ్రీలు దాటిన ఆవిరితో టర్బైన్ తిప్పి, తీగల్లో పంపించి, చివరికి గీజర్‌లో మళ్లీ వేడిగా మారుస్తున్నాం. మేడ మీద ఎండ ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ పని నేరుగా చేసిపెడుతుంది. నాంపల్లి, అబిడ్స్ హాస్టళ్ల మీద, లాడ్జీల మీద సోలార్ నీటి హీటర్లు ఇప్పుడున్నవాటికంటే ఎన్నో రెట్లు ఉండాలి. ఇంజనీరింగ్ చదివే మా పిల్లలు ఏ యంత్రం గీసినా ముందు ఈ పనికి ఏ తరగతి శక్తి సరిపోతుందని అడగాలని నేను కోరుకుంటాను. మా బల్ల మీద టిక్కుటిక్కుమన్న ఆ చిన్న పంపు వెనక ఉన్నది ఆ ప్రశ్నే.