ఎత్తులు వేఱు, స్థితి యొక్కటి

"రాముడు వనమున కేగెను" అన్నను, "వనమున కేగెను రాముడు" అన్నను అర్థ మొక్కటియే. విభక్తులు చెడనంతవఱకు పదముల వరుస మాఱినను అన్వయము చెడదని పద్యములు చదివిన సోదరీమణులందఱు నెఱుగుదురు. చదరంగమునందును నిట్టి అన్వయము కలదు. తెల్లవారు మంత్రి ముందఱి బంటును, దాని ప్రక్కనున్న శకటు బంటును రెండేసి గడులు నడిపి, ఆవైపు గుఱ్ఱమును బయటికి దూకింతురు. నల్లవారు రాజువైపు గుఱ్ఱమును దూకించి, రాజు బంటును ఒక గడియు, మంత్రి బంటును రెండు గడులును నడుపుదురు. ఈ యెత్తుల వరుస మార్చినను తుదకు బల్లపై నిలుచు స్థితి యొక్కటియే.

మా శ్రీకూర్మమున బాలికలు ఫోనులో చూచి ఎత్తులను శ్లోకములవలె వల్లించుచున్నారు. ఎదుటివారు మూడవ యెత్తును మొదట వేసిరా, పాదము మఱచినట్లు తెల్లబోవుదురు. యంత్రము తెల్లబోదు. అది వరుసను గాక స్థితిని గుర్తుంచుకొనును.

ఎట్లన, 64 దీపముల వరుస నొకదానిని ఊహింపుడు. ప్రతి పావునకు, అది నిలుచు ప్రతి గడికి, కొన్ని మీటలు ముందే నిర్ణయింపబడి యుండును. పావు గడిని విడిచినప్పుడు ఆ మీటలు నొక్కబడును; క్రొత్త గడికి చేరినప్పుడు అచ్చటి మీటలు. ఒక మీటను రెండుమాఱులు నొక్కిన దీపము మునుపటివలెనే యుండును. ఏ మీటను ముందు నొక్కినను ఫల మొక్కటియే. కావున దారి యేదైనను, స్థితి యొక్కటైనచో వెలుగు దీపములు నవియే. 1970లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆల్బర్టు జోబ్రిస్టు ఈ పద్ధతిని ప్రకటించెను. గడి గడికి గింజలు రెట్టింపు చేయుమని రాజు నడిగిన పండితుని కథ యందఱికి తెలిసినదే. ఆ గింజల మొత్తమునకు ఒకటి కూడినచో నెంతయో, ఈ దీపముల రూపములు నన్ని. రెండు వేఱు స్థితుల కొకే రూపము వచ్చుట అసంభవము కాదు గాని మిక్కిలి యరుదు.

పావులొక్కటియే చాలవు. వంతు ఎవరిదో, కోట కట్టు హక్కు మిగిలెనో లేదో, రెండు గడులు దాటిన బంటును ప్రక్క బంటు దారిలో పట్టు హక్కు కలదో లేదో, వీనికిని మీటలు కావలయును. ఈ కడపటిదే చిక్కు. పై యాటలో నల్ల మంత్రి బంటు తుది యెత్తున దూకినచో, పట్టగల తెల్ల బంటు ప్రక్కన లేకున్నను ఆ మీటను నొక్కిన యంత్రము ఒకే స్థితిని రెండని భ్రమించును. పాలీగ్లాట్ అను ఆరంభ గ్రంథపద్ధతిలో పట్టగల బంటు ఉన్నప్పుడే దానిని నొక్కుదురు. ఇక ఒకే స్థితి ముమ్మాఱు వచ్చినచో ఆట సమమని కోరవచ్చును గదా! దీపములకు గతము తెలియదు. అందులకై యంత్రము వేఱుగా లెక్క వ్రాసికొనును.

గుడివాడలో 1987లో జన్మించి 2002లో గ్రాండుమాస్టరైన కోనేరు హంపి, 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేత యయ్యెను. ఆ యాటలో ఒక్కొక్కరికి 15 నిమిషములు, ఎత్తున కెత్తునకు 10 సెకనులు మాత్రమే. తెలిసిన స్థితియే వేఱు దారిని వచ్చినప్పుడు గుర్తింపనిచో, మొదటినుండి ఆలోచించుటకు వ్యవధి యెక్కడిది?

అందుచేత మేము బాలికలకు ఎత్తులు చెప్పుట మాని, పై స్థితిని బల్లపై పెట్టి, మూడేసి యెత్తులలో ఇచ్చటికి ఎన్ని దారుల రావచ్చునని యడుగుచున్నాము. గుఱ్ఱము ముందు దూకినచో శకటు బంటునకు దారి మూసికొనును గనుక తెల్లవారికి మూడు వరుసలే, నల్లవారికి ఆఱు. మొత్తము 18.