తెగిన నరం అతికిందా?

మాది బెల్లంపల్లి దగ్గర పల్లె. నిరుడు వానాకాలం గడ్డి కోస్తుంటే కొడవలి జారి మా బాపు ఎడమ మణికట్టు తెగింది. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. డాక్టరుగారు తెగిన నరాన్ని సన్నని దారంతో కుట్టారు. కట్టు విప్పిన నాడు బాపు అడిగింది ఒకటే: "సారూ, నరం అతికిందా లేదా? ఎక్స్‌రే తియ్యరాదుండ్రి?"

ఎక్స్‌రేలో బొక్క కనిపిస్తుంది గాని నరం కనిపించదు. పైగా నరం ఒక్క తీగ కాదు, వేలాది తంతువుల మోపు. తెగిన చోటుకు దిగువనున్న తంతువులు నశిస్తాయని అగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుక నరాలపై పరీక్షించి చూపాడు. ఆ ఖాళీ దారుల్లోకి ఎగువనుంచి కొత్త మొలకలు రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగుతాయి. మణికట్టునుంచి వేలికొస 18 సెంటీమీటర్లనుకుంటే 180 రోజులు! కుట్టు దాటడానికి మరికొన్ని వారాలు.

మరి ఓపిక పడితే చాలదా? చాలదు. నరం అందని కండ ఏడాది, ఏడాదిన్నర దాటితే ఎండిపోతుంది. తర్వాత నరం చేరినా ఫలితం తక్కువ. కుట్టు విఫలమైతే ముందే తెలియాలి.

పాత పద్ధతి ఒకటుంది. నరం వెంట వేలితో తట్టితే మొలక చేరిన చోట జుమ్మంటుంది. 1915లో హాఫ్‌మన్, టినెల్ వేర్వేరుగా దీన్ని వర్ణించారు. ఆ జుమ్ము నెలనెలా కిందికి జరగాలి.

ఇక లోపలికి చూసేది అల్ట్రాసౌండు. కొసలు కలిసే ఉన్నాయా, ఎడం వచ్చిందా, మొలకలు దారితప్పి గడ్డకట్టాయా అన్నది చూపుతుంది. 2009లో హైదరాబాదు పరిశోధకులు కుష్ఠురోగుల నరాల వాపును దీనితోనే కొలిచారు. ఎం.ఆర్.ఐ.లో డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతి మరో అడుగు. చేనులో నీరు సాలు వెంట పారుతుంది గాని అడ్డంగా పోదు కదా! నరంలోని నీటి అణువులూ అంతే. తంతువులు చెడితే ఆ నీరు చెదురుతుంది, మళ్లీ మొలిస్తే దారిలో పడుతుంది. ఆ తేడాను యంత్రం కొలుస్తుంది. అయితే ఈ పద్ధతి ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది. ఏ స్కానూ స్పర్శను చూపలేదు. అది వేలే చెప్పాలి.

మూడో నెల స్కానులో బాపు నరం కొసలు కలిసే ఉన్నాయి. ఎండాకాలం పత్తికట్టె పీకుతుంటే చూపుడువేలికి పుల్ల గుచ్చుకుని "అబ్బా!" అన్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషించాం.

మిత్రులారా! మనది బొగ్గుబావుల, చేలూచెలకల ప్రాంతం. చేతులే మన బతుకు. చెయ్యి తెగి వేళ్లు మొద్దుబారితే పైతోలుకు కుట్లు వేయించుకుని ఊరుకోవద్దని మీ ఊళ్లో నలుగురికీ చెప్పండి.