హోస్టింగ్ గడువు అయిపోయేలోపు

అరకులోయ చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగొక్కటే కాదు, కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా వినిపిస్తాయి. కొండ భాష (కూబి అని కూడా అంటారు) గురించి భద్రిరాజు కృష్ణమూర్తి గారి పుస్తకం 1969లో అచ్చయింది. అచ్చులో ఉంది కాబట్టి ఏదో ఒక లైబ్రరీలో దొరుకుతుంది. కానీ ఈరోజు ఒక టీచరో, ఒక ఎన్నెస్సెస్ బ్యాచో ఈ ఊళ్ళు తిరిగి పాటలు, థింసా రికార్డింగులు, పొడుపుకథలు సేకరిస్తే అవి పుస్తకంగా రావు. ఒక చిన్న వెబ్‌సైటులోకి వెళ్తాయి. దాని ఫీజు ఎవరో ఒక సీనియర్ కార్డు మీద కడతారు. ఆ సీనియర్ పాసై వెళ్ళిపోతాడు. రెన్యువల్ మెయిల్ ఎవరూ తెరవని ఇన్‌బాక్సుకి వస్తూ ఉంటుంది. ఇక మిగతా కథ ఊహించుకోవచ్చు.

పెద్ద సైట్లకైనా ఇదే గతి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతే చూడండి. చిత్తూరు జిల్లాలో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్‌రెడ్డి గారి మిలియన్ బుక్ ప్రాజెక్టు నుంచి వచ్చింది అది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటి కేంద్రాల్లో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. అయితే ఒక్కో పేజీ ఒక్కో బొమ్మ, పుస్తకం మొత్తం ఒక్కసారిగా దిగదు. ఓపిక నశించిన పాఠకులు పేజీలన్నీ వరసగా దించి పీడీఎఫ్‌గా కుట్టే ప్రోగ్రాములు రాసుకున్నారు. పబ్లిక్ రిసోర్స్ సంస్థ పెట్టిన కార్ల్ మలమూద్ ఆ సేకరణలో పెద్ద భాగాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించారు. 2017 ప్రాంతంలో అసలు సైటు ఆగిపోయింది. కాపీ మాత్రం ఉంది. ఇవాళ తెలుగు వికీసోర్సులో కనిపించే ఎన్నో పాత పుస్తకాలు ఆ దారిన వచ్చినవే.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. డొమైన్ అంటే పేరు, హోస్టింగ్ అంటే ఇల్లు. డాట్ కామ్ పేరు గడువు దాటినా సాధారణంగా కొన్నాళ్ళు వెసులుబాటు ఉంటుంది. ఆ తర్వాత కూడా 30 రోజులు ఎక్కువ డబ్బు కట్టి విడిపించుకోవచ్చు. ఫైళ్ళకి అలాంటి రూలేమీ లేదు, ఎప్పుడు తుడిచేస్తారో ఆ కంపెనీ ఇష్టం. కాబట్టి కంగారు పడాల్సింది ఇంటి గురించి.

పాస్‌వర్డ్ చేతిలో ఉంటే పని సులువు. వర్డ్‌ప్రెస్ సైటయితే చాలామంది ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కి, వచ్చిన ఎక్స్ఎంఎల్ ఫైలు దాచుకుని హాయిగా పడుకుంటారు. ఆ ఫైల్లో రాతలే ఉంటాయి. ఫోటోలు, ఆడియో ఉండవు, వాటి అడ్రసులు మాత్రమే ఉంటాయి. పాత సర్వర్ పోయాక దాన్ని ఇంకోచోట ఇంపోర్ట్ చేస్తే పాటలుండాల్సిన చోట ఖాళీలు మిగుల్తాయి. డేటాబేస్ కాపీ, అప్‌లోడ్స్ ఫోల్డరు రెండూ విడిగా దించుకోవాల్సిందే.

పాస్‌వర్డ్ లేకపోతే బయటినుంచి నకలు తీయాలి. విండోస్ వాడేవాళ్ళకి హెచ్‌టీట్రాక్ చాలు. లినక్స్ వాళ్ళకి డబ్ల్యూగెట్ ఉండనే ఉంది. అందులో మిర్రర్, పేజ్ రిక్విజిట్స్, కన్వర్ట్ లింక్స్ అనే మూడు ఆప్షన్లు కలిపి ఇవ్వండి. మొదటిది సైటంతా తిరుగుతుంది, రెండోది బొమ్మలు, స్టైల్ ఫైళ్ళు తెస్తుంది, మూడోది లింకుల్ని మీ కంప్యూటర్లోని ఫైళ్ళ వైపు తిప్పుతుంది. రిక్వెస్టుకీ రిక్వెస్టుకీ మధ్య ఒక సెకను ఆగమని కూడా చెప్పండి, చిన్న సర్వర్లు పాపం తట్టుకోలేవు.

తెలుగు సైట్లకి ఇక్కడ ఒక చిక్కుంది. దీని గురించి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో సాధారణంగా చెప్పరు. అడ్రసులో తెలుగు శీర్షిక ఉంటే ఒక్కో యూనికోడ్ అక్షరానికి 3 బైట్లు, ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తుతో 3 అక్షరాలుగా మారుతుంది. అంటే 9. ‘అరకు’లో ఉకారం గుర్తుతో కలిపి 4 కోడ్లు, కాబట్టి ఆ చిన్న మాటే 36 అక్షరాలవుతుంది. లినక్స్‌లో ఫైలు పేరుకి పరిమితి సాధారణంగా 255 బైట్లు. పొడవైన శీర్షికల పేర్లు కత్తిరించుకుపోవచ్చు, లేదా ఫైలు సేవే కాకపోవచ్చు. ఫైల్ నేమ్స్ ఆప్షన్‌ని నోకంట్రోల్ అని పెడితే తెలుగు తెలుగుగానే ఉంటుంది, బండి ఇంకొంత దూరం లాగుతుంది.

ఇంకా పాత సైట్లయితే యూనికోడే ఉండదు. ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు వాడిన రోజులవి. పేజీ దాచి ఫాంటు ఫైలు దాచకపోతే తర్వాత తెరిచినప్పుడు పిచ్చి గీతలే కనిపిస్తాయి. ఫాంటు కూడా వెతికి దాచండి.

వేబ్యాక్ మెషిన్‌లో ‘సేవ్ పేజ్ నౌ’ తప్పకుండా వాడండి, కానీ అది ఒక్కసారికి ఒక్క పేజీ తీసుకుంటుంది. వేరే సైటు నుంచి తెచ్చి అతికించిన ఆడియో, వీడియో అందులోకి వస్తుందన్న గ్యారంటీ లేదు. ఇలాంటి సేకరణలో గొంతే ముఖ్యం కాబట్టి ఆడియో ఫైళ్ళు చేత్తో దించుకోవడమే మంచిదని నా ఉద్దేశం.

అన్నీ అయ్యాక వైఫై ఆపేసి కాపీ తెరవండి. ఏదో పదిచోట్ల నొక్కి, పాటలు మోగుతున్నాయో లేదో వినండి. నెట్ ఉండగా చూస్తే కాపీ ఏదో, అసలు ఏదో తెలీదు.

కాపీ మీ దగ్గర ఉంది కదా అని మళ్ళీ నెట్‌లో పెట్టేయకూడదు. పాడినవాళ్ళు ఒప్పుకున్నది ఆ ఒక్క సైటుకే కావచ్చు. మందుమొక్కల వివరాల్లాంటివైతే ఊరివాళ్ళని అడగకుండా అసలు బయటపెట్టొద్దు. ఒక కాపీ కాలేజీ హార్డ్ డిస్కులో, ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో ఆ ఊరి బడిలో ఉంచితే సరి. సిగ్నల్ రాని కొండ మీద కూడా అది తెరుచుకుంటుంది.