నాగా రోజుల లెక్క

"పనికి పోని రోజు కూలి పోయింది, సరే. పింఛను కూడా పోతదా అన్నా? పోతే ఆ కట్టేదేదో నేనే కడతా, కట్టనిస్తరా?"

ఒక మున్సిపాలిటీలో కంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుల పి.ఎఫ్. పాస్‌బుక్కులు చదివిపెడుతుంటే ఒక అక్క మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది. అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. మా ఇళ్లల్లో పింఛను తీసుకున్న వాళ్లెవరూ లేరు. ఇన్ని డిగ్రీలు చదివీ ఈ లెక్క మేము కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాం.

1995 నవంబరు 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం అమల్లోకి వచ్చింది. ఈ పథకం కింద కార్మికురాలి జీతంలో పట్టుకునే 12 శాతం మొత్తం ఆమె పి.ఎఫ్. ఖాతాకే పోతుంది. అందులోంచి పింఛను నిధికి ఒక్క పైసా పోదు. ఆ నిధికి పోయేది యజమాని వాటాలోంచి 8.33 శాతం, కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 1.16 శాతం. ఈ లెక్కకు జీతం పరిమితి 2014 సెప్టెంబరు 1 నుంచి 15,000 రూపాయలు.

కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛను వస్తుంది. సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. పి.ఎఫ్. లెక్కలో జీతం 14,000 అనుకుందాం. అప్పుడు ఒక్కో సంవత్సరం సర్వీసుకు నెలకు 200 రూపాయల పింఛను.

నాగా రోజులు దెబ్బ కొట్టేది ఇక్కడే. జీతం లేని రోజుకు చందా లేదు. చందా లేని రోజు సర్వీసులోకి రాదు. యజమాని నెలనెలా పి.ఎఫ్. ఆఫీసుకు పంపే రిటర్నులో వీటిని 'ఎన్.సి.పి. రోజులు' అని చూపిస్తాడు. సగటు జీతం కట్టేటప్పుడు ఈ రోజుల్ని పక్కన పెడతారు కాబట్టి అక్కడ నష్టం లేదు. నష్టమంతా సర్వీసులోనే.

58 ఏళ్ల దాకా పనిచేసి 20 ఏళ్ల సర్వీసు పూర్తి చేసిన వాళ్లకు అదనంగా రెండేళ్లు కలుపుతారు. భర్త చనిపోయి 38వ ఏట చీపురు పట్టిన మనిషిని తీసుకోండి. ఇరవై ఏళ్లూ నిండుగా ఉంటే 22 ఏళ్ల లెక్కన ఆమెకు 4,400 వస్తుంది. ఏడాదికి పద్దెనిమిది రోజుల చొప్పున నాగాలు పడ్డాయంటే ఇరవై ఏళ్లలో దాదాపు ఒక సంవత్సరం పోతుంది. మిగిలేది 19 ఏళ్లు. ఆ అదనపు రెండేళ్లు కూడా పోయి 3,800 వస్తుంది. నెలకు ఆరు వందలు, ఏడాదికి 7,200 రూపాయల నష్టం, బతికున్నంత కాలం. ఆ ఒక్క సంవత్సరానికి యజమాని వైపు నుంచి పింఛను నిధికి కట్టకుండా మిగిలింది సుమారు 14,000. అంటే రెండేళ్లలోనే ఆమె అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటుంది.

ఈ నాగాలు ఎవరివి? చెత్తబండి ఈడ్చి నడుం పట్టేసిన వాళ్లవి, మురుగులో దిగి జ్వరం తెచ్చుకున్న వాళ్లవి, కాన్పు అయిన వాళ్లవి. ఇ.ఎస్.ఐ. కింద కాన్పుకు 26 వారాల భృతి ఉంది. అది ఇ.ఎస్.ఐ. ఇచ్చే సొమ్మే తప్ప యజమాని ఇచ్చే జీతం కాదు. అందుకని దాని మీద పి.ఎఫ్. కట్టరు. ఇద్దరు పిల్లలంటే 52 వారాలు, నిండా ఒక సంవత్సరం. ఊళ్లు ఊడ్చేది ఎక్కువగా మాదిగ, మాల, రెల్లి ఆడవాళ్లు. ఈ కోత ఎవరి మీద పడుతోందో వేరే చెప్పాలా?

ఇక అక్క అడిగిన రెండో ప్రశ్న. ఆ రోజుల చందా తానే కడతానంటే ఈ పథకంలో దారి లేదు. 12 శాతం కంటే ఎక్కువ స్వచ్ఛందంగా కట్టొచ్చు. అయితే అది జీతం వచ్చే నెలలోనే, అదీ పి.ఎఫ్. ఖాతాకే. పింఛను దానివల్ల ఒక్క రూపాయి పెరగదు.

దారి వేయడం సాధ్యం కాదా? అవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జాతీయ పింఛను పథకానికి 2021లో చేసిన నియమాల్లో, సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి తన ఇష్టం మీద చందా కట్టుకోవచ్చని ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో స్థానిక సంస్థల సిబ్బందికి 2014లో వచ్చిన పింఛను నిబంధనలు ఇంకా ముందుకెళ్లాయి. అనుమతితో జీతం లేని సెలవు పెట్టిన మనిషి తిరిగి చేరిన 30 రోజుల్లోగా కోరుకుంటే, పోయిన పింఛను కొనుక్కునే ఖర్చులో మూడింట రెండొంతులు యజమానే భరించాలన్నాయి. సమ్మె రోజులకు మాత్రం ఖర్చంతా కార్మికుడి మీదే వేశాయి. అక్కడా యజమాని యజమానే!

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ అంబేద్కర్, తల్లికి విశ్రాంతి దేశానికి అవసరమని, ఆ భారంలో ఎక్కువ పాలు ప్రభుత్వం మోయాలని, శ్రమ వల్ల లాభపడే యజమాని కూడా కొంత మోయాలని వాదించారు. మన డిమాండ్ కూడా అక్కడి నుంచే మొదలుకావాలి. కాన్పు రోజులకు, ఇ.ఎస్.ఐ. ధ్రువీకరించిన జబ్బు రోజులకు పింఛను చందా యజమానీ ప్రభుత్వమే కట్టాలి. మిగతా నాగాలకు కార్మికులు వాయిదాల్లో కట్టుకునే హక్కు ఉండాలి, అందులో యజమాని వాటా యజమానిదే కావాలి.

ఈలోగా కార్యకర్తలు చేయగలిగిన పని ఒకటుంది. నిజం నాగాలు వేరు, రాసిన నాగాలు వేరు. పనిచేసిన రోజును ఎన్.సి.పి.గా చూపిస్తే కంట్రాక్టరుకు ఆ రోజు చందా మిగులుతుంది. కాబట్టి హాజరు పట్టీ, జీతం చీటీ, పి.ఎఫ్. రిటర్ను మూడూ పక్కపక్కన పెట్టి నెలనెలా సరిచూడాలి. తేడా వస్తే పి.ఎఫ్. ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పింఛనుకు లెక్కలోకి వచ్చేది కట్టిన చందా ఒక్కటే కాదు, కట్టవలసిన చందా కూడా. కంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానిగా మున్సిపాలిటీ బాధ్యత పడుతుంది. పాత కంట్రాక్టరు పోయి కొత్తవాడు వచ్చినప్పుడు మధ్యలో పడే ఖాళీ నెలల్ని కూడా ఇలాగే నిలదీయాలి.

ఆ అక్కకు మేము చెప్పిన జవాబు: "పోతది అక్కా. కట్టుకోనియ్యరు." ఈ జవాబు మారేదాకా హాజరు పట్టీ చదవడం కూడా మన చదువులో భాగమే.